పడమటి పిల్లల పెద్దాసుపత్రి

తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ మనిషిని ఎలా కుంగదీస్తుందో మన దేశంలో నమోదు చేసిన తొలి పరిశోధనల్లో ఒకటి పడమటి ప్రకాశం మెట్టనేల మీద జరిగింది. అది జరిగి తొంభై ఏళ్లు కావస్తోంది. పిల్లల జబ్బులు చూసి, వాటి మీదే విద్యార్థులకు పాఠం చెప్పి, కారణాలు ఆరా తీసే బోధనాసుపత్రి మాత్రం మార్కాపురం, గిద్దలూరు ప్రజలకు ఇప్పటికీ కొండ అవతలో, వంద కిలోమీటర్ల దూరంలోనో ఉంది. మార్కాపురం పక్కన రాయవరం దగ్గర లేచిన వైద్య కళాశాల గోడలు ఆ లోటును పూడ్చాలంటే ఏం కావాలి?

1937లో ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో ఒక వ్యాసం అచ్చయింది. రాసినవాళ్లు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, ఆయనతో పనిచేసిన సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి. విషయం నెల్లూరు జిల్లాలో ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తున్న ఫ్లోరోసిస్. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, కంభం, గిద్దలూరు ఊళ్లు కర్నూలు కింద ఉండేవి. చిన్నవాళ్లకు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, వయసు మళ్లినవాళ్లకు కొయ్యబారిన వెన్ను. ఈ రెండింటికీ మూలం బావినీళ్లలోనే ఉందని ఆ పరిశోధన తేల్చింది.

రాసినవాళ్లు సామాన్యులు కారు. షార్ట్ తర్వాతి కాలంలో గార్నమ్‌తో కలిసి మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కుంటుందని 1948లో చూపించారు. పండిట్ భారత వైద్య పరిశోధన మండలికి సారథి అయ్యారు. నీళ్లు సీసాల్లో మద్రాసు వెళ్లాయి, వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. ఆ నీళ్లు తాగిన పిల్లలు మాత్రం ఆ ఊళ్లలోనే ఉండిపోయారు, అవే నీళ్లు తాగుతూ.

పడమటి ప్రకాశం, వైద్యశాస్త్రం మధ్య బంధం ఇప్పటికీ ఇంచుమించు ఇలాగే ఉంది. మన దగ్గర జబ్బు దొరుకుతుంది, దాన్ని చదివే చోటు ఇంకెక్కడో ఉంటుంది. వైద్య కళాశాల వస్తుందంటే మనం ముందు సీట్ల గురించి, కోట్ల గురించి మాట్లాడుకుంటాం. పిల్లల వార్డు వైపు నుంచి చూస్తే ఆ కళాశాల విలువ ఇంకో రకంగా కనిపిస్తుంది.

పళ్ల మీద మచ్చ, ఎముకలో బరువు

ఫ్లోరైడ్ సంగతి పిల్లల వైద్యుడు పట్టించుకోవాల్సింది ఎందుకంటే, దాని మొదటి దెబ్బ పిల్లల మీదే పడుతుంది. శాశ్వత దంతాల పైపూత, అంటే ఎనామిల్, చిగురు లోపలే తయారవుతుంది. ఇంచుమించు ఎనిమిదేళ్ల వయసులోపు ఆ పని పూర్తవుతుంది. ఆ ఏళ్లలో బిడ్డ తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పూత సరిగా కట్టదు. పన్ను బయటికి వచ్చేసరికే మచ్చతో వస్తుంది, ఎంత తోమినా పోదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. గ్రానైట్ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఈ లెక్క సులువుగా దాటిపోతుంది. వాన తక్కువై, బోర్లు లోతుకు దిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది.

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’ పత్రికలో కొత్త సంగతి ఒకటి బయటపెట్టారు. అంతవరకూ ఎముకల ఫ్లోరోసిస్ అంటే నడివయసు దాటినవాళ్ల జబ్బని అనుకునేవారు. వీళ్లు చూసింది ఎదిగే వయసు పిల్లల్ని. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని, పాదాలు దూరం జరిగిపోయిన పిల్లలు. నీటితో పాటు తిండినీ వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. జొన్న ప్రధానంగా తినే ఇళ్లలో ఈ వంకర ఎందుకు కనిపిస్తోంది, నాగార్జునసాగర్ కట్టాక భూగర్భజలం పైకి రావడంతో పంటలో సూక్ష్మధాతువులు మారాయా అన్న దిశగా వాళ్ల ఆలోచన సాగింది. కాళ్లకు పట్టీ వేసి పంపడం వైద్యం. ఆ పిల్లాడి కంచంలో ఏముందో, అది ఏ నీటితో పండిందో తెలుసుకోవడం పరిశోధన. బోధనాసుపత్రిలో ఈ రెండు పనులూ ఒకే వార్డులో జరగాలి.

ఈ కథలో డాక్టరు చేయలేని పనీ ఉంది. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి రూపొందించింది. నల్లగొండ పద్ధతిగా అది పేరుపొందింది. అయినా అసలు మందు మంచి నీళ్లే. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద దాదాపు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల్లో కృష్ణమ్మను దోర్నాల వైపు మళ్లించే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో ముగిశాయి. 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది దాని లక్ష్యాల్లో ఒకటి. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ సొరంగాలు పూర్తయ్యేసరికి ఎనిమిదేళ్ల గడువును ఎప్పుడో దాటేసి, తన బిడ్డలకు అవే బోరునీళ్లు పట్టే వయసుకు వచ్చింది.

ఒక్కో ఊరికి ఒక్కో దారి

పడమటి ఊళ్లలో పెద్దాసుపత్రి అనగానే ఒక్కొక్కరి చూపు ఒక్కో దిక్కుకు పోతుంది. గిద్దలూరు మనిషి నంద్యాల, కర్నూలు అంటాడు. మార్కాపురం మనిషి ఒంగోలు, గుంటూరు అంటాడు. యర్రగొండపాలెం వాళ్లు నరసరావుపేట మీదుగా గుంటూరు దారి పడతారు. ఈ అలవాటు వెనక చరిత్ర ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ ఊళ్లకు జిల్లా కేంద్రం కర్నూలే. కర్నూలు వైద్య కళాశాల 1950ల్లో మొదలైంది. గుంటూరు వైద్య కళాశాల 1946 నుంచీ ఉంది. ఒంగోలుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది ఈ శతాబ్దంలోనే. నంద్యాల కళాశాల 2023లో తెరుచుకుంది.

దూరాలు చూడండి. మార్కాపురం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు దగ్గర. గిద్దలూరు నుంచి ఒంగోలు నూట యాభై దాకా ఉంటుంది. నంద్యాల అరవై పైచిలుకే గానీ దిగువమెట్ట దాటాక నల్లమల అడవిలో మలుపులు తిరగాలి. గుంటూరు–నంద్యాల రైలు మార్గం మార్కాపురం, గిద్దలూరులను కలుపుతూ పోతుంది. బిడ్డ ఊపిరి మాత్రం రైలు వేళ కోసం ఆగదు.

గిద్దలూరు వైపు ఒక పల్లెలో ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులు వచ్చాయనుకుందాం. ఆశా కార్యకర్త 108కి ఫోన్ చేసింది. కాన్పు అయింది. బిడ్డ కిలోన్నర బరువుంది. పుట్టగానే ఏడవలేదు. మొదటి నిమిషంలో తుడిచి, ఒళ్లు రుద్ది, అప్పటికీ ఊపిరి అందకపోతే బ్యాగు, మాస్కుతో గాలి పట్టాలి. ఆ పని తెలిసిన నర్సు కాన్పు గదిలో ఉంటే బిడ్డ ఏడుస్తుంది. తర్వాత ‘పెట్టెలో పెట్టాలి, పైకి తీసుకెళ్లండి’ అని చీటీ రాసిస్తారు. ఇక్కణ్నుంచి బిడ్డకు మూడు ప్రమాదాలు. ఒళ్లు చల్లబడటం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఊపిరి తీయడం మధ్యమధ్యలో ఆగిపోవడం. చలికాలపు రాత్రి అడవి దారిలో బిడ్డను చీరలో చుట్టి తీసుకెళ్తే, పెద్దాసుపత్రి గుమ్మం చేరేసరికి ఒంటి వేడి 36.5 డిగ్రీల కిందకు దిగిపోయి ఉంటుంది. అక్కడి డాక్టరు మొదటి గంటంతా ఆ వేడి తిరిగి రప్పించడానికే సరిపోతుంది.

అదే బిడ్డను తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా కట్టి తీసుకెళ్లొచ్చు. ఖర్చు లేని పని. ఆ మాట చెప్పి, చేసి చూపించే మనిషి రాత్రి రెండు గంటలకు గిద్దలూరులో ఉండాలి. బోధనాసుపత్రి ప్రభావం తన ప్రహరీ లోపలే ఆగకూడదు అనేది ఇందుకే. చుట్టూ ఉన్న కంభం, దోర్నాల, కొమరోలు ఆసుపత్రుల నర్సులకు ఏటా శిక్షణ ఇచ్చి, వాళ్లు పంపిన బిడ్డ ఏ స్థితిలో చేరిందో మళ్లీ వాళ్లకే చెప్పే కేంద్రం దగ్గర్లో ఉంటే, చీటీ రాసే చెయ్యి కూడా మారుతుంది.

మొదటి ఇరవై ఎనిమిది రోజులు

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 30 మంది ఏడాది లోపే చనిపోతున్నారు. అందులో దాదాపు 20 మరణాలు మొదటి నెలలోనే. పిల్లల వైద్యంలో పోరు ఎక్కువగా జరిగేది ఈ మొదటి నెల గదిలోనే. దానికి ప్రభుత్వ భాషలో పేరు ఎస్‌ఎన్‌సీయూ. జనం భాషలో పెట్టెల గది.

ఆ గదిలో వార్మర్లు ఉంటాయి. కామెర్లకు నీలికాంతి దీపాలు ఉంటాయి. ఊపిరితిత్తులు పండని బిడ్డ ముక్కుకు బుడగల సీపాప్ గొట్టం పెడతారు. యంత్రాలు కొనడం కష్టం కాదు. బిడ్డ రంగు మారిందని యంత్రం కూత పెట్టేలోపే పసిగట్టే నర్సు తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఆ నర్సు ఏడాది తిరక్కుండా బదిలీ అయితే ఆ ఏళ్లన్నీ ఆమెతోపాటే వెళ్లిపోతాయి.

తల్లి విషయంలోనూ ఆలోచన మారింది. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువు బిడ్డల్ని తల్లుల గుండెలకు కట్టారు. ఆ పద్ధతే కంగారూ సంరక్షణగా పేరుపొందింది. బిడ్డ కాస్త కుదుటపడ్డాకే అలా కట్టాలని చాలాకాలం నమ్మారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టిన వెంటనే తల్లి ఒంటికి కట్టిన బిడ్డల్లో మొదటి నెల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. అంటే పెట్టెల గదిలో తల్లికీ మంచం వేయాలి. కొత్తగా కట్టే ఆసుపత్రికి ఇది గీతల దశలోనే తెలిస్తే గోడలు పగలగొట్టే పని ఉండదు.

ప్రాణం దక్కడంతో పని ముగియదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కంటి తెరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగితే చూపు పోతుంది. పుట్టిన ముప్పై రోజుల్లోపు కంటి పరీక్ష చేస్తే లేజర్‌తో కాపాడొచ్చు. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1990ల చివర్లోనే శిశువుల వార్డులకు వెళ్లి ఈ పరీక్షలు మొదలుపెట్టింది. వినికిడి పరీక్ష, మెదడు ఎదుగుదల, వంకర పాదాలకు పట్టీలు, ఇవన్నీ ఒకేచోట జరగాలని 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చెబుతుంది. ఒంగోలుకు ఆరుసార్లు తిరగాలంటే కూలి కుటుంబం రెండోసారికే మానేస్తుంది. పెట్టెలోంచి బతికి బయటపడ్డ బిడ్డ చూపు, వినికిడి పోగొట్టుకునేది ఇలా తిరగలేక ఆగిపోయిన చోటే.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం వద్దు

• పసిబిడ్డ పాలు తాగడం మానేసినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

• పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు పాకినా ఎండలో పెట్టి చూస్తూ కూర్చోవద్దు.

• బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కోసం కూడా ఆగొద్దు.

• విరేచనాలకు ఓఆర్‌ఎస్, దాంతోపాటు 14 రోజులు జింక్ ఇవ్వాలి. తల్లిపాలు ఆపకూడదు.

• తేలు కుట్టిన పిల్లలకు చెమటలు పట్టి, చేతులు కాళ్లు చల్లబడి, వాంతులు అవుతుంటే మంత్రం, పసరు కోసం తిరగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• అంగన్‌వాడీలో జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉందంటే, అది తీవ్రమైన పోషకాహార లోపం.

మంచం పక్కన పాఠం

బోధనాసుపత్రిలో పొద్దున రౌండ్లు చూసినవాళ్లకు తెలుసు. ప్రొఫెసర్ వెనక అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీలు, హౌస్ సర్జన్లు, వాళ్ల వెనక నోటు పుస్తకాలతో విద్యార్థులు. తల్లికి ఈ గుంపును చూస్తే చిరాకే. ఒక్క బిడ్డను ఇందరు ఎందుకు చూడాలి? ఆ గుంపు వల్లే బిడ్డకు రక్షణ ఉంది. రాత్రి డ్యూటీ పీజీ రాసిన మందు మోతాదును పొద్దున ఇంకో ఇద్దరు చూస్తారు. ‘ఈ మందు ఎందుకిచ్చావు?’ అని ప్రొఫెసర్ అందరిముందూ అడుగుతాడు. అలా అడిగేవాడు లేని చోట తప్పు అలవాటైపోతుంది.

పిల్లల వైద్యంలో ఎండీ చదువు మూడేళ్లు. ప్రతి పీజీ ఒక పరిశోధన వ్యాసం రాసి తీరాలి. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం ఆ మూడేళ్లలో మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచేయాలి. కాయితం మీద ఇది రెండు వైపులా లాభం. మార్కాపురం లాంటి చోటికి చురుకైన యువ డాక్టర్లు వస్తారు. వాళ్లకు మహానగరపు వార్డులో కనిపించని జబ్బులు ఎదురవుతాయి. అయితే వాళ్లకు పాఠం చెప్పే పెద్ద డాక్టరు అక్కడ లేకపోతే ఆ మూడు నెలలు సంతకాలతో గడిచిపోతాయి. శిష్యుణ్ని పంపి గురువును పంపకపోతే చదువు సాగదు.

నేర్పవలసింది డాక్టర్లకే కాదు. పిల్లలకు జ్వరం వస్తే పల్లెలో మొదటి తలుపు ఆర్‌ఎంపీదే. మొదటి సూది కూడా చాలాసార్లు అక్కడే. యాంటీబయాటిక్ ఎప్పుడు ఇవ్వకూడదో, ఏ బిడ్డను తన దగ్గర ఒక్క నిమిషం కూడా ఉంచకూడదో ఆయనకు చెప్పేవాళ్లు ఎవరు? ఏఎన్‌ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీ కార్యకర్తలు నిజానికి ఈ ప్రాంతంలో అందరికంటే ముందు బిడ్డను చూసే కళ్లు. నెలకోసారి వాళ్లను పిలిచి, వాళ్లు పంపిన బిడ్డల మంచాల పక్కనే నిలబెట్టి పాఠం చెప్పే పిల్లల విభాగం ఉంటే, దాని చేయి పాలుట్ల చెంచు గూడెం దాకా అందుతుంది.

ప్రశ్న అడిగే వార్డు

పిల్లల వార్డులో శ్రద్ధగా చూసిన ఒక్క విషయం ఎంత దూరం పోతుందో చెప్పడానికి రోటా టీకా చాలు. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్, ఆయన సహచరులు శిశువుల గదిలో ఒక వింత గమనించారు. పసికందులకు రోటావైరస్ సోకింది గానీ విరేచనాలు లేవు. ఆ మెతక వైరస్‌కు 116ఈ అని పేరుపెట్టారు. హైదరాబాద్ భారత్ బయోటెక్ దాన్ని టీకాగా మలిచింది. వేల మంది పిల్లల మీద పరీక్షలు జరిగి 2014లో ఫలితాలు వచ్చాయి. 2016లో దేశంలో మొదటగా ఈ టీకా అందిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గిద్దలూరు ఉపకేంద్రంలో బిడ్డ నాలుక మీద పడిన ఆ ఐదు చుక్కల వెనక, ముప్పై ఏళ్ల కిందట ఎవరో ‘ఈ పిల్లలకు విరేచనాలు ఎందుకు కాలేదు?’ అని అడిగిన ప్రశ్న ఉంది.

అలాంటి ప్రశ్నకు ఎయిమ్సే అక్కర్లేదని నిరూపించినవాడు హిమ్మత్‌రావ్ బావస్కర్. మహారాష్ట్ర కొంకణంలోని బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా చేరి, ఎర్రతేలు కుట్టిన పిల్లలు ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోవడం చూశాడు. రాత్రిళ్లు మంచాల పక్కన కూర్చుని ప్రతి మార్పూ రాసుకున్నాడు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్రే దీనికి విరుగుడని 1980ల్లో చూపించాడు. విషమించిన కేసుల్లో నూటికి ముప్పై, నలభై దాకా ఉన్న మరణాలు ఒకటికి దిగాయి. పలకరాళ్ల గుట్టల మధ్య బతికే మనకు తేలు కొత్తేమీ కాదు. తేలు కుట్టిన మన పిల్లలకు ఆ మాత్ర వేయవచ్చన్న తెలివిడి ఇలాంటి పల్లె నుంచే వచ్చింది.

మరి పడమటి ప్రకాశం అడగాల్సిన ప్రశ్నలు ఏవి? ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లలో పాలు, గుడ్డు, కాల్షియం దండిగా అందిన పిల్లల ఎముకలు మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఉంటున్నాయా? దేశమంతా పిల్లల చేతికి పలకలు పంపిన మార్కాపురంలో, పలకల కార్ఖానాల దుమ్ము పక్కనే పెరిగే పిల్లల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? కనిగిరి, మార్కాపురం నుంచి బేల్దారి పనులకు బెంగళూరు, హైదరాబాద్ వెళ్లే కుటుంబాల పిల్లలకు టీకాలు ఏ ఊళ్లో ఆగిపోతున్నాయి? చెంచు గూడేల్లో బిడ్డ ఏ నెలలో బరువు తగ్గడం మొదలుపెడుతోంది? ఒక్కోటీ ఒక పీజీ వ్యాసానికి సరిపడే అంశం. పదేళ్లపాటు ఏటా ఒకరు ఇలాంటి ప్రశ్నను పట్టుకుంటే, ఈ ప్రాంతపు పిల్లల ఆరోగ్యానికి ఒక చిట్టా తయారవుతుంది. ఇప్పుడు ఆ చిట్టా ఒంగోలు, గుంటూరు, నంద్యాల, కర్నూలు రిజిస్టర్లలో ముక్కలుగా ఉంది. బిడ్డలు నాలుగు చోట్లకు చెదిరిపోతే, ఏ ఒక్క చోటా వాళ్లందరి సంగతి తెలియదు.

పరిశోధనకు హద్దులూ అవసరమే. బిడ్డ రక్తం తీసేముందు ఎందుకో తల్లికి ఆమె మాటల్లో చెప్పాలి. ‘వద్దు’ అన్నా వైద్యం ఆగదని భరోసా ఇవ్వాలి. ఫలితం ఆ ఊరికి తిరిగి చేరాలి. నీళ్లు తీసుకెళ్లి వ్యాసం రాసుకునే కాలం ఇంకోసారి రాకూడదు.

రాయవరం గోడల మధ్య

2021 మే 31న రాష్ట్రంలో 14 ప్రభుత్వ వైద్య కళాశాలలకు ఒకేరోజు శంకుస్థాపన జరిగింది. అందులో మార్కాపురం ఒకటి. రాయవరం దగ్గర పనులు మొదలయ్యాయి. 2023లో మొదటి విడతగా ఐదు కళాశాలలు తెరుచుకున్నాయి. 2024–25లో తెరవాలనుకున్న జాబితాలో మార్కాపురం ఉంది గానీ తరగతులు మొదలు కాలేదు. ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో మార్కాపురంతో కలిపి పది కళాశాలలను ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో పూర్తిచేసి నడపాలని మంత్రివర్గం నిర్ణయించింది. త్వరగా పూర్తవుతాయని, ఖజానా మీద భారం తగ్గుతుందని ప్రభుత్వం చెబుతోంది. పేదవాడి ఉచిత వైద్యం, పేద విద్యార్థి సీటు చేజారతాయని ప్రతిపక్షం ఉద్యమించింది. 2025 ముగిసే వేళకు మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా కూడా వచ్చింది. జిల్లా ఉంది, కలెక్టరు ఉన్నారు. బోధనాసుపత్రి ఇంకా దారిలో ఉంది.

జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 50 సీట్ల కళాశాలకు 220 పడకలు, 100 సీట్లకు 420, 150 సీట్లకు 605 పడకల ఆసుపత్రి కావాలి. పడకల మీద రోగులు నిండి ఉండాలనీ ఆ నిబంధనలే అడుగుతాయి. విద్యార్థికి రోగి కావాలి, రోగికి విద్యార్థి వెంట వచ్చే గురువు కావాలి. ఈ ఇద్దరి అవసరం కలిసినచోటే పేదబిడ్డకు బేరం ఆడే బలం వస్తుంది.

కళాశాల నాటిన విత్తు కాపుకు రావడానికి కాలం పడుతుంది. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్ గవిని ఉమాదేవి 2022లో గుంటూరు సర్వజనాసుపత్రి మాతాశిశు భవనానికి 20 కోట్ల రూపాయలు విరాళం ప్రకటించారు. ఉత్తర అమెరికాలోని ఆ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం జింకానా ఆ భవనం కోసం చేతులు కలిపింది. 1946లో పుట్టిన కళాశాల, తన దగ్గర చదివినవాళ్ల చేతుల మీదుగా డెబ్బై ఆరేళ్లకు అలా తిరిగి పొందింది. రాయవరంలో మొదటి బ్యాచ్ ఎంత ఆలస్యమైతే, మార్కాపురం తనదని చెప్పుకునే డాక్టర్ల తరం అంత వెనక్కి పోతుంది.

నడిపేది ప్రభుత్వమే కావచ్చు, భాగస్వామి కావచ్చు. ఎవరితోనైనా ముందే రాయించుకోవాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. పిల్లల విభాగం మొదటి రోజు నుంచే ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. రాత్రి డ్యూటీలో పిల్లల డాక్టరు ఆవరణలోనే ఉండాలి. పెట్టెల గదికి సరిపడా నర్సులు ఉండాలి, వాళ్లను కనీసం మూడేళ్లు కదపకూడదు. తల్లికి మంచం, భోజనం ఇవ్వాలి. పోషకాహార కేంద్రంలో బిడ్డతో రెండు వారాలు ఉండే తల్లికి పోయిన కూలి కట్టివ్వాలి. గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం ఆసుపత్రులకు వారానికో రోజు పెద్ద డాక్టరు వెళ్లాలి. వార్డులో పోయిన ప్రతి బిడ్డ విషయంలో ఏం జరిగిందో, ఏది వేరేగా జరిగి ఉంటే దక్కేదో సమీక్షించి, పేర్లు లేకుండా ఆ లెక్కలను మూడు నెలలకోసారి జిల్లా ప్రజల ముందు పెట్టాలి.

ఇందులో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు. మంచి బోధనాసుపత్రుల్లో ఇవి రోజువారీ పనులే. భవనానికి రంగు వేశాక అడిగితే ‘చూద్దాం’ అంటారు. ఒప్పందం మీద సంతకం పడకముందు అడిగితే షరతు అవుతుంది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రజాప్రతినిధులు, పిల్లల డాక్టర్లు, తల్లుల సంఘాలు ఈ షరతులను కాయితం మీద పెట్టి అడగాల్సిన సమయం ఇదే.